మామయ్య రక్తానికి వచ్చిన మార్కులు

మంగళవారం, జూలై 8, ఉదయం

సీసాల మేనకోడలికి,

ఇక్కడ ఒకరు క్షేమం. ఇంకొకరు తాను క్షేమం కాదని తెల్లారినప్పటి నుంచి వీధి చివరి వరకు వినిపించేలా చెబుతున్నారు. మొదటివాణ్ణి నేను, రెండోది మీ అత్తయ్య. చెవులు సరిగా వినపడకపోవడంలో ఉన్న సుఖం ఇలాంటప్పుడే తెలుస్తుంది.

గాలివానకు టవరు కూలి ఇవాళ్టికి ఇరవై రోజులు. ఊళ్లో ఫోన్లన్నీ మొహం చూసుకునే అద్దాలుగా పనికొస్తున్నాయి. అందరూ తిట్టుకుంటున్నారు, నాకు మాత్రం హాయిగా ఉంది. నలభై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. నీ ఫోన్ మెసేజీలు చదివి ఎంత క్షోభ పడ్డానో నీకేం తెలుసు. 'వస్తున్నా' అని రాయమంటే దీర్ఘం దారిలో పారేసుకుని 'వస్తున్న' అంటావు. వస్తున్న ఎవరు, బస్సా, వానా? ఇప్పుడిక చచ్చినట్టు ఉత్తరాలు రాయాలి. రాయి. దిద్దుతాను.

అసలు విషయం. నిన్న సోమవారం కదా, వారానికోసారి వచ్చే డాక్టరు వచ్చాడు. మా ఇద్దరికీ మూడు రోజులుగా జ్వరమని చెబితే, ఊరంతా ఇదే వైరస్ అన్నాడు. అరవై దాటినవాళ్లకు రోజు విడిచి రోజు రక్తం తీసి మీ ఆసుపత్రి ల్యాబుకు పంపాలట. పరిశోధనట. ఒప్పుకోలు పత్రం చేతిలో పెట్టి సంతకం చేయమన్నాడు. రెండు పేజీల పత్రంలో పదకొండు అచ్చుతప్పులు. మనిషి రక్తం అడిగేవాళ్లు 'నమూనా' అన్న మాటైనా సరిగ్గా రాయాలా వద్దా? అన్నీ ఎర్రసిరాతో దిద్ది ఆ తర్వాతే సంతకం పెట్టాను. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నా పనితనం చూసి అయి ఉంటుంది.

ఇవాళ రక్తం తీసిన నర్సు నా ట్యూబు మీద పేరు కూడా తప్పే రాసింది. దీర్ఘం లేదు. నేనే పెట్టాను. రక్తం నాదైనప్పుడు దీర్ఘం కూడా నాదే కదా.

ఈ ఉత్తరం పొద్దుటి బస్సులో డ్రైవరు జేబులో వస్తుంది. మా రక్తం అతని కాళ్ల దగ్గర ఐసుపెట్టెలో వస్తుంది. రెండూ నీ చేతికే అందుతాయని నర్సు చెప్పింది. సీసపద్యాలు రాస్తుందనుకున్న పిల్ల చివరికి ల్యాబు చదువుకెళ్లి సీసాల పాలైంది. ఆ మాట రెండేళ్ల కిందట అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఆ మాట అన్న రోజు నుంచే నీకు మర్యాద పట్టుకుంది. చిన్నప్పుడు మా ఇంట్లో పెరుగుతూ నన్ను 'నువ్వు' అని తిట్టి, కొట్టి, కరిచిన దానివి, హాస్టలుకు వెళ్లాక 'మీరు' అంటున్నావు. చదువుతుంటే ఇంటిపన్ను నోటీసు చదివినట్టే ఉంది.

దిద్దే చేతితో,
మామయ్య

*

మంగళవారం, జూలై 8, సాయంత్రం

గౌరవనీయులైన మామయ్యగారి సముఖానికి,

నోటీసు అన్నారు కాబట్టి నోటీసులాగే మొదలుపెట్టాను. పన్ను తర్వాత కడుదురుగాని.

మీరు పెట్టిన దీర్ఘం సంగతి ముందు చెప్పాలి. ఎర్రసిరా ఐసు నీళ్లకు తడిసి, కారి, పేరంతా ఒక మచ్చ అయింది. పేరు చదవలేని ట్యూబును పారేయాలని ఇక్కడ రూలు. నమూనాలు తీసుకునే కిటికీ దగ్గర ఇవాళ నా డ్యూటీ. మా ల్యాబు పెద్దావిడ వెనకే నిలబడి ఉంది. ఆవిడ ఒక మాట అన్నాక ఇంకెవరూ మాట్లాడరు, అందుకని మేమంతా ఫుల్‌స్టాప్ మేడమ్ అంటాం. "ఈ మచ్చ ఎవరు?" అంది. "ఆ మచ్చ మా మామయ్య, మేడమ్. ట్యూబు మీద కూడా దిద్దే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు," అన్నాను. ఫారం నంబరుతో సరిచూసి వదిలిపెట్టింది. ఇంకోసారి ట్యూబు ముట్టుకుంటే మీ రక్తం కాలవలోకి పోతుంది. దీర్ఘంతో సహా.

ఇక మీరు నా చదువును సీసాలంటారు కాబట్టి సీసాల్లో ఏముందో చెబుతాను. ఊదారంగు మూత ట్యూబులో రక్తకణాలు లెక్కపెడతాం. పసుపు మూత ట్యూబును గిర్రున తిప్పితే ఎర్రది అడుగున పడి పైన తేట నిలుస్తుంది. ఆ తేటలో చూసేదాన్ని సీఆర్‌పీ అంటారు. ఒంట్లో వైరస్‌తో ఎంత పోట్లాట జరుగుతోందో దాన్నిబట్టి అంచనా వేస్తారు. ఇలాంటివాటిని మార్కర్లు అంటాం. జ్వరం అందరికీ ఒకేలా మొదలవుతుంది. ఎవరికి ముదురుతుందో మొహం చూస్తే తెలియదు. రక్తంలో ముందే పసిగట్టొచ్చా అన్నదే మా పరిశోధన. 'ముదరడం' ఎంత మంచి మాటో ఈ మధ్యే గమనించాను మామయ్యా. బెండకాయ ముదురుతుంది, తగువు ముదురుతుంది, జ్వరం ముదురుతుంది. 'పసి' అంటే వాసన అని మీరు చెప్పింది కూడా గుర్తుంది. అంటే మేం చేసేది రక్తాన్ని వాసన చూడటమే. ఇంతకన్నా సాహిత్యం ఏం కావాలి?

మీ అంకెలు: సీఆర్‌పీ మీకు ఇరవై రెండు, అత్తయ్యకు తొమ్మిది. మామూలుగా అందరికీ ఐదు లోపే ఉంటుంది. రిపోర్టు కాగితాలు వచ్చే సోమవారం డాక్టరుగారితోనే వస్తాయి, అందుకే నేను ముందుగా రాస్తున్నాను. శిక్షణలో ఉన్నవాళ్లు అంకె చెప్పొచ్చు, అర్థం చెప్పకూడదు. అర్థం చెబితే నా సీటు పోతుంది. మేడమ్‌కు ఆ రూలు అంటే ప్రాణం.

అత్తయ్య అరుపులు ఇక్కడికి వినపడుతున్నాయని చెప్పండి, సంతోషిస్తుంది.

ఇట్లు,
మీ రక్తాన్ని వాసన చూసిన కోడలు

*

గురువారం, జూలై 10, ఉదయం

వాసనల కోడలికి,

నీ ఉత్తరం దిద్ది వెనక్కి పంపుతున్నాను. తొమ్మిది తప్పులు. వయసుకు తగ్గ ప్రగతే. ఎర్రగీత ఉన్నచోట మార్చుకో. కింద చుక్కలు పెట్టినచోట మాత్రం చెయ్యి పెట్టకు. ప్రెస్సులో మాట కింద చుక్కలు పెడితే 'బాగుంది, ఇలాగే ఉండనీ' అని అర్థం. నలభై ఏళ్లలో చుక్కలు పెట్టాల్సిన అవసరం నాకు పెద్దగా రాలేదు. నీ ఉత్తరంలో 'పసిగట్టొచ్చా' కింద పెట్టాను. పొంగిపోకు.

పెద్ద తప్పు ఒకటుంది. 'మార్కర్లు' అని రాశావు. మార్కర్ అంటే బోర్డు మీద రాసే లావుపాటి పెన్ను. నా రక్తంలో పెన్నులున్నాయని ఏ డాక్టరూ ఇంతవరకు చెప్పలేదు. నువ్వు చెప్పదలచుకుంది మార్కులు. వైరస్ పరీక్ష పెట్టింది, ఒళ్లు పోట్లాడింది, పోట్లాటకు ఇన్ని అని వేశారు. దిద్దాను. ఇకమీదట మార్కులు అనే రాయి.

అర్థం చెప్పకూడదని చేతులు కట్టుకుని కూర్చున్నావు గాని, అర్థం చేసుకోవడం నా వృత్తి. రచయితలు తమకే తెలియకుండా రాసిన వాక్యాలకు అర్థాలు వెతికి పెట్టినవాణ్ణి. అందరికీ ఐదు లోపేనట, నాకు ఇరవై రెండట. మీ అత్తయ్యకు తొమ్మిది. లెక్కల్లో నాకు జీవితమంతా పాసు మార్కులే వచ్చాయి, ముసలితనంలో రక్తం నా పరువు నిలబెట్టింది. ఈ సంగతి మీ అత్తయ్యకు మెల్లగా చెబుదామనుకున్నాను. మెల్లగా చెప్పడం నాకు రాదు, నా గొంతు నాకే వినపడదు కదా. పక్కింటివాళ్లు కూడా విన్నారు.

"తొమ్మిదా? వాళ్ల మిషన్ పాడైంది," అంది మీ అత్తయ్య.

"మిషన్ బాగానే ఉంది. నీ ఒళ్లే పోట్లాడటం లేదు. నోరు మొత్తం కోటా వాడేసింది."

దిండు విసిరింది. గురి మాత్రం తప్పలేదు.

ఇవాళ మళ్లీ రక్తం ఇచ్చాం. నర్సు పేరు తప్పే రాసింది. నీ మాట విని ఊరుకున్నాను. నా దీర్ఘం లేకుండా నా రక్తం ప్రయాణం చేస్తోంది, చిన్నతనంగా ఉంది. నాకు రెండు పొడిదగ్గులు, కాస్త నీరసం తప్ప ఏమీ లేవు.

ఇరవై రెండు మార్కుల
మామయ్య

*

గురువారం, జూలై 10, సాయంత్రం

మామయ్యగారికి,

దిద్దిన ఉత్తరం అందింది. ఆవకాయలో పడ్డట్టు ఎర్రగా ఉంది. మార్కర్లే సరైన మాట. కాని మీతో వాదించి గెలిచినవాళ్లను నేనింతవరకు చూడలేదు, అందుకని ఓడిపోయే శ్రమ కూడా పడను. మార్కులే అందాం. నా స్నేహితురాళ్లకు చెబితే నవ్వి నవ్వి, మొత్తం బ్యాచ్ ఇవాళ్టి నుంచి మార్కులనే అంటోంది. ల్యాబులో మీ పేరు మారుమోగుతోంది, సంతోషించండి.

ఇవాళ్టి మార్కులు. సీఆర్‌పీ అత్తయ్యకు పదకొండు. మీకు యాభై ఎనిమిది.

రెండు రోజుల్లో ఇంత పెరుగుతుందని మేమెవరం అనుకోలేదు. మిషనే మీ అంకె పక్కన నక్షత్రం గుర్తు వేసింది. మేడమ్ నమ్మక రెండోసారి పెట్టించింది, మళ్లీ అంతే వచ్చింది. ఆవిడ ఏ ట్యూబునూ రెండోసారి చూసే మనిషి కాదు. రక్తకణాల్లో లింఫోసైట్లు అని ఉంటాయి, వైరస్‌ను పట్టుకునే కాపలావాళ్లు. వాళ్లు నూటికి ఇరవైనాలుగు నుంచి పద్నాలుగుకు దిగారు. అత్తయ్యకు ముప్పై దగ్గరే ఉన్నారు.

నేను ఇంతకు మించి రాయకూడదు. రాయకూడని మాటలు గొంతు దాకా వచ్చి ఆగుతున్నాయని మాత్రం చెబుతాను. మీ ఇద్దరిలో విశ్రాంతి ఎవరికి అవసరమో ఈ అంకెలు చూస్తే మీకే తెలుస్తుంది. ఆ మనిషి మంచం దిగకూడదు. మెట్లెక్కకూడదు. నీళ్ల బిందె కూడా ఎత్తకూడదు. రెండోవాళ్లు అన్నీ చూసుకోవాలి. ఈ ఒక్కసారి వెటకారం పక్కనపెట్టి నా మాట వినండి. శనివారం తప్పకుండా రక్తం పంపండి.

కోడలు

తా.క. దగ్గు ఎలా ఉంది? రెండే అన్నారు. రెండే ఉందా?

*

శనివారం, జూలై 12, ఉదయం

నా మీద బెంగ పెట్టుకున్న పిచ్చి కోడలికి,

యాభై ఎనిమిది. నక్షత్రం కూడా. మిషన్ చేత నక్షత్రం వేయించుకున్న ప్రూఫ్‌రీడర్ ఈ జిల్లాలో ఇంకొకడు ఉంటే చూపించు. మీ మేడమ్ రెండోసారి దిద్దించి చూసిందంటే ఆవిడ మా జాతి మనిషే. నా తరఫున అభినందనలు చెప్పు. లింఫోసైట్లలో కాస్త తగ్గాను, నిజమే. నాకు ఏ పరీక్షలోనూ అన్ని సబ్జెక్టుల్లో కలిసి రాలేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. విశ్రాంతి ఎవరికి అవసరమో అంకెలు చూడగానే అర్థమైంది. ఐదు దాటి పదకొండు దగ్గర ఈడుస్తున్న మనిషిని మంచం దిగనిస్తానా? నిన్నటి నుంచి మీ అత్తయ్యను పడకగదిలో పెట్టి తలుపు దగ్గరేశాను. ఆవిడకు మూలుగు తగ్గింది, లేస్తానని గొడవ చేస్తోంది. "నువ్వు తక్కువ మార్కుల దానివి, పడుకో," అన్నాను. అన్ని పనులూ నేనే. వంట చేశాను. తిన్నాక మీ అత్తయ్య ఏమీ అనలేదు, అంటే ఎలా ఉందో ఊహించుకో. గుడ్డలుతికాను. పంపు చెడిపోయింది కాబట్టి కింది తొట్టి నుంచి డాబా మీది ట్యాంకుకు నీళ్లు మోశాను. ఇరవైరెండు మెట్లు, ఆరు బిందెలు.

నీ ఉత్తరంలో మూడు తప్పులే ఉన్నాయి. కంగారులో రాసినట్టుంది గాని తప్పులు తగ్గాయి. కంగారు నీకు మంచి గురువు. 'గొంతు దాకా వచ్చి ఆగుతున్నాయి' బాగుంది. చుక్కలు పెడదామనుకున్నాను, చెయ్యి కాస్త వణికి గీతైంది. దగ్గు రెండు కాదు. లెక్కపెట్టడం మానేశాను. గాలి కూడా కాస్త పొదుపుగా వస్తోంది, వానాకాలం కదా.

ఇంక రాయలేను. పెద్ద వాక్యాలు మధ్యలో ఆగిపోతున్నాయి.

నక్షత్రాల
మామయ్య

అమ్మాయ్, అత్తయ్యను. నీ మామయ్య కవరు అంటించకముందే ఉత్తరం లాక్కుని రాస్తున్నాను. నాకు జ్వరం పోయింది, నేను బాగానే ఉన్నాను. ఆయనే బాగాలేడు. నీళ్లు మోస్తూ మెట్ల మధ్యలో కూర్చుంటున్నాడు. ఎందుకు కూర్చున్నావంటే 'కామా పెడుతున్నాను' అంటాడు. నిన్న ఒక్కో బిందెకు ఒక్క కామా. ఇవాళ పొద్దున్న బిందె లేకుండానే నాలుగు. పెదవులు నీ ఊదారంగు మూతలా ఉన్నాయి. ఎక్కువ మార్కులొచ్చినవాడు ఇలా ఉంటాడా? నువ్వే చెప్పు.

*

శనివారం, జూలై 12, మధ్యాహ్నం

మామయ్యా

ఇది దిద్దకు. చదువు.

మార్కులు కాదు. మార్కులు కానే కాదు, ఎక్కువైతే మంచిది కాదు, ఎక్కువైతే చెడ్డది. ఐదు పాస్ మార్కు కాదు, ఐదు లోపు ఉంటేనే ఒళ్లు నెమ్మదిగా ఉన్నట్టు. నీకు ఇవాళ నూట ముప్పై ఒకటి. కాపలావాళ్లు ఏడుకు దిగారు. నక్షత్రం అంటే మెచ్చుకోలు కాదు, ప్రమాదం. మంచం మీద పడుకోవాల్సింది నువ్వు. అత్తయ్య కాదు నువ్వు. నేను రాసింది నీ గురించే, నువ్వు నీళ్లు మోశావు. ఆరు బిందెలు మోశావు మామయ్యా

తప్పు నాది. నువ్వు మార్కులు అంటే సరదాగా ఉందని నేనూ అన్నాను. మాట తప్పని తెలిసీ నవ్వుకుని ఒప్పుకున్నాను. ముదురుతోందని ఒక్క ముక్క రాయాల్సింది, రూలుకు భయపడి డొంకతిరుగుడుగా రాశాను. ఇప్పుడు రాస్తున్నాను. నీ జ్వరం ముదురుతోంది. ఊపిరితిత్తుల్లోకి దిగింది అనుకుంటున్నారు. సీటు పోతే పోనీ

డాక్టరుగారికి చెప్పాం. ఈ ఉత్తరం తెచ్చింది ఆసుపత్రి అంబులెన్సు. నీకు చెబితే వినపడదు, వినపడినా వినవు, కాయితం చూపిస్తే తప్ప ఎక్కవు అని నాకు తెలుసు. అందుకే రాస్తున్న. నర్సు వేలికి క్లిప్పు పెడుతుంది, మూతికి మాస్కు పెడుతుంది, తీసేయకు. మెట్లు దిగకు, వాళ్లే మోసుకొస్తారు. మోయనివ్వు. అత్తయ్యను వెంట తీసుకురా, ఆవిడ పాసైంది.

మేడమ్ నా వెనకే నిలబడి ఇదంతా చదివింది. అర్థం రాశానని అంటుందనుకున్నాను. "ఇంతసేపు రాస్తావేం? 'రా' అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టు," అంది.

రా.

*

మంగళవారం, జూలై 15, సాయంత్రం

మూడో అంతస్తు, ఆరో మంచం మామయ్యగారికి,

కింది అంతస్తు ల్యాబు నుంచి పై అంతస్తు వార్డుకు ఉత్తరం రాస్తున్న మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. ఏం చేయను? మాస్కు పెట్టుకుని మీరు మాట్లాడకూడదట. నేను మాట్లాడితే మీకు వినపడదు. గట్టిగా అరిస్తే ఐదో మంచం ఆయన నాకు జవాబు చెబుతున్నాడు.

చూడటానికి పైకి వచ్చినప్పుడల్లా మీరు నిద్రలో ఉన్నారు. అత్తయ్య కుర్చీలో కూర్చుని మీ ఊపిరి లెక్కపెడుతోంది. "తల్లీ, మూడు రోజుల నుంచి ఈయన నన్ను ఒక్క మాట అనలేదు. నాకు భయమేస్తోంది," అంది. ఆ మాట ఆవిడ వెటకారానికి అన్నదో, నిజంగా అన్నదో తేల్చుకోలేకపోయాను. మీ ఇంట్లో పెరిగితే వచ్చే జబ్బు ఇది.

ఇవాళ్టి సంగతి. నిన్న నూట పద్దెనిమిది. ఇవాళ డెబ్బై తొమ్మిది. కాపలావాళ్లు ఏడు నుంచి పదకొండుకు వచ్చారు. మందులు పనిచేస్తున్నాయని డాక్టరుగారు అన్నారు. శనివారం రాకుండా సోమవారం దాకా ఉంటే ఏమయ్యేదో అడిగాను. ఆయన మీ చార్టు నా వైపు తిప్పి, శనివారం అంకె మీద వేలు పెట్టారు.

మీ రక్తం మా పరిశోధనకు చాలా పనికొచ్చిందట. పైకి బాగున్నట్టే ఉండి లోపల ముదిరిన మనిషి అని, మొహం చెప్పని సంగతి రక్తం నాలుగు రోజులు ముందే చెప్పిందని, ఫుల్‌స్టాప్ మేడమ్ మీ కాగితాలను విడిగా పెట్టింది. నా సీటు ఉంది. "నువ్వు రాసింది ఉత్తరం, రిపోర్టు కాదు. ఉత్తరానికి రూల్లేవు," అంది. కాని ఒక వారం ట్యూబులు కడిగే డ్యూటీ వేసింది. ఎందుకో అర్థం చెప్పలేదు. అంకె మాత్రం చెప్పింది, రోజుకు నాలుగు వందలు.

మొత్తానికి మీ మార్కులు రోజురోజుకూ దిగిపోతున్నాయి. ఈ లెక్కన వారంలో ఫెయిలవుతారు. ముందుగానే అభినందనలు.

సీసాలు కడుగుతూ,
కోడలు

*

శుక్రవారం, జూలై 18, ఉదయం

రెండో అంతస్తు, ల్యాబు కిటికీ కోడలికి,

ఇవాళ పొద్దున్న మాస్కు తీసి, ముక్కుకు చిన్న గొట్టం పెట్టారు. కలం అడిగితే నర్సు నల్లది ఇచ్చింది. ఎర్రది కావాలన్నాను. ఎరుపు వాళ్లకు చార్టులోకట, రోగులకు ఇవ్వరట. జీవితంలో మొదటిసారి నల్లసిరాతో దిద్దుతున్నాను, నన్ను నేను దిద్దుకుంటున్నాను కాబట్టి సర్దుకున్నాను.

మీ అత్తయ్య కుర్చీలోనే నిద్రపోతోంది. నాకు మాట రావడం మొదలైందని తెలిసి నిశ్చింతగా పడుకుంది. లేచాక మొదలుపెడుతుంది.

పుస్తకం అచ్చయ్యాక తప్పులు కనపడితే ఏం చేస్తామో నీకు చిన్నప్పుడు చెప్పాను. చింపేయలేం, మళ్లీ అచ్చు వేయలేం. చివర ఒక చీటీ అంటిస్తాం. ఈ వారం మనం రాసుకున్న ఉత్తరాలకు ఆ చీటీ రాస్తున్నాను. ఓపిక లేదు, అందుకని ముఖ్యమైనవే.

తప్పొప్పుల పట్టిక

జూలై 10 నాటి నా ఉత్తరంలో 'మార్కులు' అని దిద్దిన ప్రతిచోటా 'మార్కర్లు' అని చదువుకోవాలి. రచయిత సరిగ్గానే రాసింది. తప్పు దిద్దినవాడిది.

అదే ఉత్తరంలో 'అర్థం చేసుకోవడం నా వృత్తి' అన్న వాక్యం నవ్వుకోవడానికి మాత్రమే ఉంచుకోవాలి.

జూలై 12 నాటి ఉత్తరంలో అత్తయ్య రాసిన 'కామా' అన్నచోట 'ఆయాసం' అని చదువుకోవాలి. ఆవిడ అలాగే చదివింది. నేనే చదవలేదు.

జూలై 8 నాటి ఉత్తరంలో 'సీసాల పాలైంది' అన్న వాక్యం, రెండేళ్ల కిందట అన్నదానితో సహా, పూర్తిగా కొట్టివేయడమైనది. దాని స్థానంలో ఏమీ రాయనక్కర్లేదు. ఖాళీగా ఉంచాలి.

జూలై 15 నాటి నీ ఉత్తరంలో మళ్లీ 'మీరు' మొదలుపెట్టావు. ఏడుచోట్ల లెక్కపెట్టి ఆగిపోయాను. అన్నిచోట్లా తప్పే. ఒప్పు ఏమిటో నీకు తెలుసు.

ఇక జూలై 12 నాటి నీ ఉత్తరం. అంబులెన్సు ఎక్కే ముందు చొక్కా జేబులో పెట్టుకున్నాను. రోజూ తీసి చదువుతున్నాను. పదిహేడు తప్పులున్నాయి. ఫుల్‌స్టాపులు పడిపోయాయి. 'రాస్తున్నా' దగ్గర దీర్ఘం మళ్లీ దారిలో పారేశావు. 'కాగితం' కాస్తా 'కాయితం' అయింది. నలభై ఏళ్ల వృత్తిలో ఇంత తప్పులతడక కాగితం నా చేతికి రాలేదు. దిద్దవద్దన్నావు కాబట్టి ఒక్కటీ దిద్దలేదు. 'నువ్వు' అని ఉన్న ప్రతిచోటా మాత్రం కింద చుక్కలు పెట్టాను.

మామయ్య